‘ఆవాసం’ అనే మాటకు హద్దులు: హవాయి దీవుల అపాయస్థితి మొక్కలకు రక్షితస్థల నిర్ణయం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హవాయి దీవులలో అంతరించే దశకు చేరిన మొక్కలకు అమెరికా ప్రభుత్వం ‘క్రిటికల్ హాబిటాట్’ పేరుతో హద్దులు గీసి భూములను ప్రకటించింది. ఈ ప్రకటనలు ప్రధానంగా 1998 నాటి ఒక న్యాయస్థాన తీర్పు ఫలితం. అయితే అడవికి హద్దు గీయడం ఆ దీవులకు కొత్త కాదు. హద్దు ఎవరి కోసం గీశారన్న ప్రశ్నకు మాత్రం కాలాన్ని బట్టి సమాధానం మారింది. ఆ మార్పును, దానిలో ‘ఆవాసం’ అనే మాటకు కలిగిన అర్థపరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హవాయి, ఆవాసం, కుములిపో, రిజర్వు అడవి, 1973 చట్టం

1. ప్రవేశిక

‘హాబిటాట్’ నేడు నామవాచకం. లాటిన్‌లో అది క్రియ. ‘నివసిస్తుంది’ అని దాని అర్థం. లిన్నేయస్ 1753లో ప్రచురించిన వృక్షజాతుల గ్రంథంలో ప్రతి మొక్క వర్ణన చివర ఈ క్రియతో అది ఎక్కడ పెరుగుతుందో చెప్పాడు. వాక్యంలోని ఆ క్రియ క్రమంగా స్థలానికి పేరైంది. ఆ పేరు 1973లో అమెరికా చేసిన అపాయస్థితి జాతుల చట్టంలో న్యాయపరిభాషగా స్థిరపడింది. ‘క్రిటికల్’ అనే విశేషణానికి ఇక్కడ ‘విషమ’ అని కాక ‘కీలక’ అని అర్థం చెప్పుకోవాలి. కాబట్టి ఈ వ్యాసంలో దీనిని ‘కీలక ఆవాసం’గా వ్యవహరిస్తున్నాను.

క్రియకు కాలం ఉంటుంది, నామవాచకానికి ఉండదు. ఒక మొక్క నివసిస్తున్న చోటు, ఒకప్పుడు నివసించిన చోటు, ఇకముందు నివసించగల చోటు – ఈ మూడింటినీ ‘ఆవాసం’ అనవచ్చునా? హవాయి చరిత్రలో ఈ ప్రశ్న మీద ఎన్నో జాతుల మనుగడ ఆధారపడింది.

2. దేవతల సీమ

హవాయి స్వదేశీ పుష్పించే మొక్కలలో సుమారు 90 శాతం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగవు. మనుషులు రాకముందు ఆ నేల మీద మేసే క్షీరదం లేదు. గబ్బిలం తప్ప నేలకు చెందిన స్వదేశీ క్షీరదమే లేదు. అందువల్ల అనేక మొక్కలు ముళ్లు, ఘాటు వంటి ఆత్మరక్షణ సాధనాలు లేకుండానే పరిణమించాయి.

హవాయి ప్రజలు కొండకొమ్ము నుంచి సముద్రం దాకా సాగే భూఖండాలుగా నేలను విభజించుకున్నారు. ఆ విభజనలో మనుషులు సాగు చేసుకునే సీమ ‘వావో కానక’. దానికి ఎగువన మేఘాలు దిగే అడవి ‘వావో అకువా’, అంటే దేవతల సీమ. మనిషి అక్కడికి ఊరకే వెళ్లకూడదు. రెండు వేలకు పైగా పాదాలున్న సృష్టిగీతం ‘కుములిపో’ తొలి భాగంలో సముద్రజీవులకు, నేలమీది మొక్కలకు జంటలు కట్టారు. సముద్రంలోని దానికి నేలమీదిది కాపరి. ఈ గీతాన్ని 1889లో రాజు కలాకావా ముద్రింపించగా, 1897లో రాణి లిలియుఒకలాని ఆంగ్లానువాదం వెలువడింది. ఇందులో సాహిత్య విద్యార్థి గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఆధునిక చట్టంలో మొక్క రక్షణ పొందేది. కుములిపోలో మొక్క రక్షణ ఇచ్చేది.

3. నిషేధం నుంచి రిజర్వు అడవికి

1778లో కుక్ నౌకల ద్వారా మేకలు, 1793లో వాంకూవర్ ద్వారా పశువులు ఈ దీవులకు చేరాయి. పశువులు వృద్ధి చెందడానికి పదేళ్లపాటు వాటిని చంపరాదని రాజు కమేహమేహ ‘కపు’ విధించాడు. కపు అంటే నిషేధం. దేవతల సీమను కాపాడిన నిషేధమే ఇప్పుడు ఆ సీమను మేసే పశువుకు రక్షణగా మారింది.

మన శ్రీగంధం ఏ ప్రజాతికి చెందినదో, అక్కడి ‘ఇలియాహి’ కూడా ఆ ప్రజాతికి చెందినదే. పంతొమ్మిదో శతాబ్ది తొలి దశకాలలో ఈ కలప కాంటన్ విపణికి తరలిపోయింది. 1826లో విధించిన పన్ను ప్రకారం ప్రతి పురుషుడూ అర పికుల్ చందనం గానీ, నాలుగు స్పానిష్ డాలర్లు గానీ చెల్లించాలి. మొలొకాయి దీవిలో నౌక అడుగుభాగం కొలతకు తవ్విన గొయ్యి నేటికీ ఉంది. అది నిండితే ఒక నౌకకు సరిపడా కలప పోగైనట్లు లెక్క.

1846లో అడవులను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించారు. 1876లో అడవుల పరిరక్షణకు చట్టం వచ్చింది. 1903లో రిజర్వు అడవుల వ్యవస్థ ఏర్పడింది. ఈ చివరి మార్పు వెనుక చెరకు తోటల యజమానుల ఒత్తిడి ఉంది. చెరకుకు నీరు కావాలి. నీటికి కొండమీద అడవి కావాలి. కాబట్టి ఆ హద్దు నీటి కోసం గీసినది. నీటిని పట్టి ఉంచే చెట్టయితే చాలు, అది స్వదేశీయమా పరదేశీయమా అన్నది ముఖ్యం కాలేదు. పరదేశీ వృక్షాలను విస్తారంగా నాటడానికి కారణం ఇదే.

4. మరుగా? పటమా?

1973 చట్టం జాబితాలో 1977లో తొలిగా చేరిన మొక్కలు కూడా ద్వీపవాసులే. అవి కాలిఫోర్నియా తీరానికి ఆవల ఉన్న సాన్ క్లెమెంటే దీవివి. అక్కడా శత్రువు మేకే. జాతిని జాబితాలో చేర్చేటప్పుడే దాని కీలక ఆవాసాన్ని కూడా నిర్ణయించాలని 1978 సవరణ ఆదేశించింది. అయితే అలా నిర్ణయించడం ‘వివేకం’ కాదనుకుంటే మానుకునే వెసులుబాటును కూడా ఉంచింది.

1990లలో హవాయి మొక్కలు వందల సంఖ్యలో జాబితాకెక్కాయి. దాదాపు ప్రతిసారీ ప్రభుత్వ శాఖ ఈ వెసులుబాటునే ఆశ్రయించింది. పటం ప్రచురిస్తే సేకర్తలు, విధ్వంసకులు మొక్క ఉన్న చోటికి దారి తెలుసుకుంటారన్నది దాని వాదన. ఈ వాదనను తేలికగా తోసిపుచ్చలేం. ఒక జాతికి పది మొక్కలే మిగిలినప్పుడు ఒక్క చేయి చాలు దానిని రూపుమాపడానికి. అరుదైన మొక్క జాడను బయటపెట్టకపోవడం వృక్షశాస్త్రజ్ఞులు కూడా పాటించే నియమమే.

1998లో హవాయి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం 245 మొక్కల విషయంలో ఈ వాదనను అంగీకరించలేదు. ఏ మొక్కకు ఎటువంటి ముప్పు ఉందో విడివిడిగా చూపకుండా అన్నింటికీ ఒకే భయాన్ని వర్తింపజేయడం చెల్లదని, పునఃపరిశీలించమని ఆదేశించింది. ప్రైవేటు భూమి విషయంలో కూడా ప్రకటన వల్ల స్థానిక ప్రభుత్వానికి, ప్రజలకు సమాచారం అందే ప్రయోజనం ఉందని గుర్తించింది. ఫలితంగా 2003లో దీవి తర్వాత దీవికి తుది ప్రకటనలు వెలువడ్డాయి. ఒఆహులో 99 జాతులకు సుమారు 55 వేల ఎకరాలు, హవాయి పెద్ద దీవిలో 41 జాతులకు సుమారు 2 లక్షల 8 వేల ఎకరాలు కీలక ఆవాసాలయ్యాయి.

మరుగు మొక్కను దొంగ నుంచి కాపాడుతుంది. మేక నుంచి, మంట నుంచి, బుల్డోజర్ నుంచి కాపాడలేదు. తీర్పులోని సారాంశాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను.

5. హద్దు చేయలేనిది

కీలక ఆవాసం అభయారణ్యం కాదు. భూమి యాజమాన్యం మారదు, కంచె వెలవదు. ఫెడరల్ ప్రభుత్వం చేసే, నిధులిచ్చే లేదా అనుమతించే పనులు ఆ ఆవాసాన్ని ధ్వంసం చేయరాదన్నదే దాని బలం. అందులో ఫెడరల్ ప్రమేయం లేకపోతే యజమానికి కొత్త నిర్బంధం ఏదీ లేదు. అయినా భూమి విలువ పడిపోతుందనే భయం యజమానులలోనూ, అడవిపంది వేట ఆగుతుందనే ఆందోళన వేటగాళ్లలోనూ కలిగాయి. ఆ వేట అనేక కుటుంబాలకు ఆహారం, ఆచారం కూడా.

లానాయి చరిత్ర ఈ పరిమితిని స్పష్టం చేస్తుంది. దాదాపు దీవి అంతా ఒకే యాజమాన్యం కింద ఉంది. 2003లో అక్కడ 3 జాతులకు మాత్రమే, అదీ 800 ఎకరాలకు లోపు ప్రకటించారు. 2016లో మౌయి, మొలొకాయి, కహొఒలవె దీవులలో విస్తృతంగా ప్రకటించినప్పుడు లానాయిని పూర్తిగా మినహాయించారు. యజమాని స్వచ్ఛందంగా కంచెలు వేసి మొక్కలు పెంచుతానని ఒప్పుకోవడమే కారణం. కాగితం మీది హద్దు కంటే నేలమీది కంచె మేలని మినహాయింపును సమర్థించవచ్చు. అయితే ఒప్పందం యజమాని సుముఖత మీద ఆధారపడుతుంది, చట్టం ఆధారపడదు. ఈ తేడాను విస్మరించరాదు.

6. ఖాళీ నేల

1978 సవరణ కీలక ఆవాసాన్ని రెండు విధాలుగా నిర్వచించింది. ఒకటి జాతి ఉన్న చోటు. రెండవది జాతి లేకున్నా దాని పునరుద్ధరణకు అవసరమైన చోటు. హవాయి మొక్కలకు ఈ రెండవది ప్రాణప్రదం. కౌఆయి కొండచరియల మీద పెరిగిన ‘ఆలుల’ మొక్కకు పరాగసంపర్కం చేసే కీటకం కనుమరుగైందని భావిస్తారు. వృక్షశాస్త్రజ్ఞులు తాళ్ల మీద వేలాడుతూ కుంచెతో పుప్పొడి అద్దారు. పత్తికి బంధువైన ‘కోకియా కుకీ’ చివరి చెట్టు 1978లో మొలొకాయిలో కాలిపోయింది. దాని నుంచి తీసిన కొమ్మను బంధుజాతి మీద అంటుకట్టడం వల్ల ఆ జాతి బతికింది. ఇటువంటి వాటికి ‘నివసిస్తున్న చోటు’ దాదాపు తోటమాలి చేయి మాత్రమే. ఉన్న చోటునే ఆవాసమంటే వాటికి తిరిగి వెళ్లే నేల ఉండదు.

2018లో ఒక కప్పజాతి వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు, కీలక ఆవాసం ముందుగా ఆవాసమై ఉండాలని తీర్పు చెప్పింది. ఆవాసమంటే ఏమిటో మాత్రం నిర్వచించలేదు. 2020లో ప్రభుత్వం ఒక నిర్వచనం చేసి, 2022లో దానిని రద్దు చేసింది. లిన్నేయస్ వాడిన క్రియకు ఏ కాలం వర్తిస్తుందన్న వ్యాకరణ సమస్య ఈ విధంగా న్యాయసమస్య అయింది.

7. ఉపసంహారం

దేవతల సీమగా, పశువుకు రక్షణగా, చెరకుకు నీటివనరుగా, చివరకు మొక్కకు ఆవాసంగా ఒకే కొండకు నాలుగు హద్దులు గీశారు. నాలుగవదానిలోనే తొలిసారి మొక్క పేరు చెప్పి నేలను గుర్తించారు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో మొక్కలను చేర్చినప్పుడు జాబితాలో ఆరు పద్దులే ఉన్నాయి. అందులో శేషాచలం కొండలకు చెందిన సైకస్ బెడ్డోమి ఒకటి. అక్కడ మొక్కపేరు ఒక జాబితాలో, రక్షితప్రదేశం మరొక అధ్యాయంలో ఉన్నాయి. పేరును, నేలను ఒకే వాక్యంలో కలిపిన చట్టం ఎంతవరకు పనిచేసిందో తెలుసుకోవడానికి హవాయి అనుభవం ఉపకరిస్తుంది. నేల దక్కినంత మాత్రాన మొక్క దక్కదని, నేల దక్కకపోతే మొక్కకు భవిష్యత్కాలమే ఉండదని ఆ చరిత్ర నిరూపిస్తున్నది.