ఆవా పేరు మోసిన ఐదుగురు

నేను స్థిరపడిన ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌కు తూర్పున, బ్యాంగర్ దగ్గర క్లాండెబాయ్ అనే పెద్ద ఎస్టేటు ఉంది. ఆ ఇంటివాళ్లకు వందేళ్లపాటు ఒక బిరుదు ఉండేది: ‘మార్క్వెస్ ఆఫ్ డఫరిన్ అండ్ ఆవా’. డ్యూక్‌కు ఒక మెట్టు కింద, ఎర్ల్‌కు పైన. డఫరిన్ ఈ నేల పేరే. ఆవా మాత్రం బర్మాలో, మాండలే పక్కన ఐరావతి ఒడ్డున ఉన్న పాత రాజధాని. 1839 భూకంపం తర్వాత రాజులు దాన్ని వదిలిపెట్టారు. ఆ పేరు ఇంత దూరం ఎలా వచ్చిందో మనవాళ్లకు తెలియాలి. ఆ కథలో మనమూ ఉన్నాం.

1885లో భారత వైస్రాయి డఫరిన్ ప్రభువు. కెనడాలో గవర్నర్ జనరల్‌గా, రష్యాలో, ఇస్తాంబుల్‌లో రాయబారిగా చేసి వచ్చినవాడు. బర్మా రాజు తీబా కొలువు టేకు వ్యాపారం చేసే బాంబే బర్మా కంపెనీకి భారీ జరిమానా వేసింది. మరోపక్క ఫ్రాన్స్ మాండలేలో కాలు మోపుతుందన్న భయం. నవంబరులో బ్రిటిష్ సైన్యం ఐరావతి మీదుగా ఎగువకు సాగింది. రెండు వారాల్లో రాజు లొంగిపోయాడు. 1886 జనవరి 1న దేశాన్ని కలిపేసుకున్నట్టు ప్రకటించారు. తీబాను రత్నగిరిలో ఉంచారు. 1916లో అక్కడే పోయాడు. యుద్ధం మాత్రం రెండు వారాల్లో ముగియలేదు. పల్లెల్లో తిరుగుబాటు అణచడానికి ఏళ్లు పట్టింది, ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు. 1885 డిసెంబరులో బొంబాయిలో తొలిసారి కూడిన కాంగ్రెసు ఈ ఆక్రమణ వద్దని తీర్మానించింది. మన నాయకుల ఆ తొలి మాటను నేను గర్వంగా తలుచుకుంటాను.

1888లో డఫరిన్‌ను మార్క్వెస్‌ను చేసినప్పుడు ఆవా ఆయన పేరులో చేరింది. ఆవా వాళ్లను ఎవరూ అడగలేదు. ఆయన భార్య హారియట్ పెట్టిన నిధి వల్ల మన దేశంలో ఎందరో ఆడవాళ్లకు వైద్యం అందింది. ఆ మేలును కాదనను. కానీ ఆవా సంగతి వేరు.

మన కోస్తా నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్లే ఓడలు అంతకుముందే ఉన్నాయి. బర్మా అంతా ఒకే పాలన కిందికి వచ్చాక జోరు హెచ్చింది. కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్లు మనవాళ్లను పిలిచారు. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసిందీ వాళ్లే. 1930లో రేవు పనుల తగాదా అల్లర్లుగా ముదిరితే ప్రాణాలు పోయిందీ ఆ తెలుగు కూలీలవే.

బిరుదు దక్కిన ఇంటికి సుఖం దక్కలేదు. 1900 జనవరిలో పెద్దకొడుకు, ‘ఎర్ల్ ఆఫ్ ఆవా’, దక్షిణాఫ్రికాలోని లేడీస్మిత్‌లో గాయపడి మరణించాడు. ఆ ఏడు చివర డఫరిన్ ఛైర్మన్‌గా ఉన్న ఫైనాన్స్ కంపెనీ కుప్పకూలింది. 1902లో ఆయన పోయాడు. రెండో మార్క్వెస్ 1918లో పోయాడు. మూడోవాడు 1930లో విమాన ప్రమాదంలో పోయాడు. నాలుగోవాడు బేసిల్. తాత జయించిన బర్మాకే సైనికుడిగా వెళ్లాడు. మాండలే రాజకోటకు ఇంగ్లిష్‌వాళ్లు పెట్టిన పేరు ఫోర్ట్ డఫరిన్. 1945 మార్చి 20న దాన్ని జపాన్‌వాళ్ల నుంచి తిరిగి పట్టుకున్నారు. అప్పటికి లోపలి కొయ్య భవనాలు బూడిదయ్యాయి. మార్చి 25న బేసిల్ బర్మాలోనే యుద్ధంలో చనిపోయాడు.

అతని కొడుకు షెరిడన్ ఐదోవాడు, ఆఖరివాడు. 1988లో పిల్లల్లేకుండా పోయాడు. మన జమీందారులైతే దత్తత తీసుకునేవారు. ఇక్కడ దత్తపుత్రుడికి బిరుదు రాదు, చాలా బిరుదులు ఆడపిల్లకూ రావు. షెరిడన్ అక్క, నవలా రచయిత్రి కారొలిన్ బ్లాక్‌వుడ్, అప్పటికి బతికే ఉంది. ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. మార్క్వెస్ బిరుదు అంతటితో అంతరించింది. 1800 నాటి చిన్న బిరుదు బారన్ మాత్రం ఆస్ట్రేలియాలోని ఒక దూరపు జ్ఞాతికి వెళ్లింది. భూమికి ఆ కట్టడి లేదు. క్లాండెబాయ్‌ను షెరిడన్ భార్య, చిత్రకారిణి లిండీ, 2020లో చనిపోయేదాకా తానే చూసుకుంది.