సున్నం పెట్టిన లేతపచ్చ

కర్నూలు జిల్లా ఆదోని పాతపేటలో రాతిగోడల మిద్దెకు కొత్తగా రంగు వేయాలంటే ముందు పాత పొరలు గీరాలి. పైపైన ప్లాస్టిక్ పెయింటు పెచ్చులుగా ఊడొస్తుంది. దాని కింద డిస్టెంపర్. ఇంకా గీరితే సున్నం, పొర మీద పొర, ఏడాదికొకటి చొప్పున. ఆ సున్నపు పొరల్లో తెలుపు ఉంటుంది, నీలం ఉంటుంది. నేను గీరించిన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది లేతపచ్చ.

నేను ఆదోనిలో రంగుల అంగడి నడిపినవాణ్ణి. మా నాయన ఎమ్మిగనూరులో గుంత మగ్గం నేసేవాడు. మా మేనమామ సున్నం కొట్టే మేస్త్రీ. మా సీమ ఇళ్లకు ఈ పచ్చ ఎట్లా వచ్చిందో వాళ్లిద్దరి దగ్గరే తెలుసుకున్నాను. పట్నం మోజుతో అది రాలేదు. మా మట్టి, మా సున్నం, మా కళ్లు కలిసి ఏరుకున్న రంగు అది.

నల్లరేగడి సీమ మాది. పత్తికి పేరుపడిన నేల. ఇళ్లు రాతివి, మట్టి మిద్దెలు. ఎండకు, వేడిగాలికి భయపడి కిటికీలు చిన్నవి పెట్టుకున్నారు. వెలుగు ఎక్కువగా మిద్దెకు పెట్టిన గవాచి నుంచే దిగాలి. అట్లాంటి ఇంట్లో గోడ నల్లబడితే పట్టపగలే దీపం కావాలి. అందుకే ఏడాదికోసారి సున్నం తప్పనిసరి. ఎమ్మిగనూరులో సంక్రాంతికి అటూఇటూగా నీలకంఠేశ్వర స్వామి జాతర. అంతకు ముందే వీధి వీధంతా సున్నపు వాసన వేసేది.

సున్నపురాయి బట్టీలో 900 డిగ్రీల పైచిలుకు వేడికి కాలితే అందులోని బొగ్గుపులుసు గాలి వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నమవుతుంది. గోడకు పూశాక పోయిన గాలినే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. గోడ మీద ఉండేది అచ్చంగా పలుచని రాతిపొర. రంగుపొడి ఆ రాయిలో చిక్కుకుని నిలవాలి.

మామ ముందురోజే సున్నం తొట్టిలో నానేసేవాడు. తెల్లారి పాత పంచెలో వడగట్టి, ఇంత ఉప్పు, కరిగించిన తుమ్మబంక కలిపేవాడు. గోడను నీళ్లతో తడిపాకే నారకుంచె ముంచేవాడు. మొదటి చేయి అడ్డం, రెండోది నిలువు. రంగు సున్నమైతే ఒక గదికి కావలసిందంతా ఒకే తొట్టిలో కలపాలి. సగంలో అయిపోయి మళ్లీ కలిపితే ఆ వార గోడ మీద ఏడాదంతా కనిపిస్తుంది. తడిమీద రంగు ముదురుగా ఉంటుంది. అందుకే ముందు ఒక బండ మీద పూసి ఎండలో పెట్టేవాడు. ఇంటి యజమాని తొందరపెడితే "తడి రంగును నమ్మొద్దన్నా, ఆరినాక చూసి చెప్పు" అనేవాడు.

ఆరినాక అది లేతబడాల్సిందే. సున్నమే తెలుపు కనుక అందులో ఏ పచ్చ వేసినా లేతదవుతుంది. ముదురుగా కావాలని పొడి ఎక్కువేస్తే సున్నం దాన్ని పట్టుకోలేదు. సున్నం బరువులో పదో వంతు దాటితే గోడకు ఆనుకున్నవాళ్ల వీపుకంతా రంగే. మా పచ్చ ముదురు ఎంతవరకు పోవచ్చో సున్నమే గీత గీసింది.

ఏ పొడి నిలుస్తుందో కూడా సున్నమే తేల్చింది. దాని క్షారానికి చాలా రంగులు చచ్చిపోతాయి. జాజు, గోపి రంగు లాంటి మట్టిరంగులకు ఆ భయం లేదు. గోడ అడుగున జాజు పట్టె అందుకే తరాలుగా నిలిచింది. పచ్చతోనే చిక్కంతా. అజంతా గుహల చిత్రకారులకు పచ్చమట్టి తెలుసు. బీదవాడి గోడ మొత్తానికి పూసేంత చవగ్గా అది ఎక్కడ దొరుకుతుంది? పసుపు పొడిలో నీలం పొడి కలిపి పచ్చ చేసినా, ఆ నీలం ప్రష్యన్ బ్లూ అయితే సున్నంలో విరిగిపోయి తుప్పురంగుకు తిరుగుతుంది.

1871లో మద్రాసు నుంచి వచ్చే రైలుదారి, బొంబాయి నుంచి వచ్చేది రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారి మీదే ఉంది. పత్తి బేళ్లు పోయిన దారిలోనే బొంబాయి సరుకు, అందులో రంగుపొడులూ వచ్చేవి. అప్పటికి ఐరోపాలో పచ్చరంగు పేరు చెడిపోయింది. 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త రాగి, పాషాణం కలిపి ఒక పచ్చ తయారుచేశాడు. అక్కడి ఇళ్లలో ఆ జాతి పచ్చలు పూసిన గోడకాగితాలు మనుషులను జబ్బుపాలు చేశాయి. 1930లలో పాషాణం అక్కర్లేని థాలో గ్రీన్ అనే పచ్చ వచ్చింది. అదీ రాగితో చేసిందే. సున్నపు క్షారానికి చెక్కుచెదరదు, ఎండకు వెలవదు. చిటికెడు వేస్తే తొట్టంతా పచ్చబడుతుంది. మా మామ చేతికి అందిన పచ్చ ఇట్లాంటిదే. కూలివాడు కూడా పెట్టగలిగిన ఖర్చులో ఇల్లంతా పచ్చబడింది.

ఇక మా నాయన సంగతి. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘం నూలిచ్చి, నేసిన గుడ్డ తీసుకుని కూలి కట్టిచ్చేది. నేతగాడి ఇంట్లో మగ్గం గుంతే పెద్ద గది. పొద్దున కూర్చుంటే పడుగులో తెగిన పోగు కోసం కళ్లు పొద్దుగూకేదాకా వెతుకుతూనే ఉండాలి. తెల్లపోగు మీద నుంచి కన్నెత్తితే ఎదురుగా మళ్లీ తెల్లగోడే ఉంటే కళ్లు గుంజుతాయని మా నాయన మగ్గం గదికి పచ్చ సున్నమే వేయించేవాడు. 1914లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడికీ ఇదే బాధ. తెల్లటి ఆపరేషన్ గది మెరుపు కంటికి అడ్డమొస్తోందని గోడలకు పచ్చ వేయించాడు. ఆసుపత్రుల్లో పచ్చ అట్లా పాకింది. ఆ డాక్టరు పేరు మా నాయన ఎప్పుడూ వినలేదు. రోజంతా కంటితో పనిచేసే ఇద్దరు మనుషులు, ఎవరి దారిలో వాళ్లు, ఒకే రంగు దగ్గరికి చేరారు.

ఈ పచ్చను ఒక మతానికి కట్టేసి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆదోనికి 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది. ముస్లింల ఇళ్లలో తలుపులకు, గూళ్లకు పచ్చ ఇష్టంగా వేసుకుంటారు. మా పల్లెల్లో పీర్ల పండుగ వస్తే చావిడికి సున్నం కొట్టేది మాత్రం ఊరంతా కలిసి. అదే తొట్టి పచ్చ మా మామ చావిడికి వేశాడు, అదే పచ్చ శెట్టిగారి పటసాలకూ వేశాడు. "ఈ రంగు ఎవరిది" అని నేను విన్నంతలో ఎవరూ అడగలేదు.

తర్వాత కంపెనీ పెయింట్ల కాలం వచ్చింది. 1954లో ఏషియన్ పెయింట్స్ వాళ్లకు కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గట్టు అనే పిల్లవాడి బొమ్మ గీసిచ్చాడు. కుంచె, రంగు డబ్బాతో ఉన్న ఆ పిల్లవాడు మా అంగడి గోడ మీదా వెలిశాడు. వాళ్ల ట్రాక్టర్ డిస్టెంపర్ వచ్చాక జనం సున్నంలో చూసిన పచ్చనే మళ్లీ అడిగారు, పిస్తా రంగు అంటూ. తర్వాత షేడు కార్డులు, ఆ తర్వాత అంకె నొక్కితే రంగు కలిపే యంత్రం. గోడకు ఏ పచ్చ నిలుస్తుందో అడిగేవాళ్లు తగ్గిపోయారు.

అడగాలి. రాయి, మట్టి, సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతుంటుంది. సున్నం దానికి అడ్డం రాదు. ప్లాస్టిక్ పెయింటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి పెయింటు ఉబ్బి, పెచ్చులతో పాటు లోపలి గారనూ లాక్కొస్తుంది. సిమెంటు ఇంటికి మీకు నచ్చిన పెయింటు వేసుకోండి, అభ్యంతరం లేదు. అవ్వతాతల రాతిమిద్దె ఇంకా నిలిచి ఉంటే మాత్రం పొరలు గీరించి మళ్లీ సున్నమే కొట్టించండి. సున్నానికి తాళే పచ్చ అని అడిగి తీసుకోండి, బండ మీద పూసి ఆరబెట్టి చూడండి. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచేటప్పుడు పెయింటు పని చేసే కుర్రవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టండి, కలిపే పాళ్లు చేత్తో నేర్చుకుంటాడు.