వస్తు గుణాలు (తత్వశాస్త్ర చరిత్ర)

రంగు, రుచి, వేడి వస్తువులోనే ఉన్నాయా, లేక వాటిని గ్రహించే మనిషిలో కలుగుతున్నాయా అన్నది 17వ శతాబ్దపు యూరప్‌ తత్వవేత్తల ప్రధాన చర్చల్లో ఒకటి. ఆకృతి, పరిమాణం, చలనం ప్రాథమిక గుణాలనీ, రంగు, రుచి, వాసన ద్వితీయ గుణాలనీ చేసిన విభజన దీని ఫలితమే.

ప్రాచీన గ్రీసులో డెమోక్రిటస్ నిజంగా ఉన్నవి పరమాణువులు, శూన్యమేనన్నాడు. అరిస్టాటిల్ వేడి, చలువ, తడి, పొడి అనే నాలుగింటినీ మూలగుణాలుగా ఎంచాడు. మధ్యయుగ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా అరిస్టాటిల్ మార్గాన్నే అనుసరించాయి.

1623లో రోములో అచ్చయిన 'ఇల్ సాజ్జాతోరే'లో గెలీలియో, ఈకతో తాకితే కలిగే చక్కిలిగిలి మనిషిలోనిదే కాని ఈకలోనిది కాదనీ, వేడి సంగతీ అంతేననీ వాదించాడు. డెకార్ట్ 1644లో వస్తు స్వభావమంతా వ్యాప్తిలోనే, అంటే స్థలాన్ని ఆక్రమించడంలోనే ఉందన్నాడు.

ఈ వాదాన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత ముఖ్యంగా రాబర్ట్ బాయిల్‌ది. రూపాలు, గుణాల పుట్టుకపై ఆయన గ్రంథం 1666లో ఆక్స్‌ఫర్డ్‌లో వెలువడింది. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ ప్రకారం, తాళంచెవికి తాళం తీసే శక్తి రెండింటి అమరికవల్ల వస్తుంది తప్ప, లోహంలో కొత్త పదార్థమేదీ చేరదు. బంగారం ద్రవరాజమనే ఆమ్లమిశ్రమంలో కరుగుతుంది, నత్రికామ్లంలో కరగదు. ద్రవరాజాన్ని కనిపెట్టిన రోజున బంగారంలో మార్పేమీ రాలేదని బాయిల్ చక్కగా ఎత్తిచూపాడు. 1675 నాటి రచనలో మేకు ఉదాహరణ మరింత ప్రసిద్ధం. చెక్కలోకి దిగుతున్నంతసేపూ మేకు అంతగా వేడెక్కదు. పూర్తిగా దిగాక కూడా కొడితే, ముందుకు పోలేని చలనం లోపలి కణాలకు మళ్లి వేడి పుడుతుంది.

బాయిల్‌ను బాగా ఎరిగిన జాన్ లాక్ ఈ విభజనకు విస్తృత ప్రచారం తెచ్చాడు. మానవ అవగాహనపై ఆయన రాసిన పెద్ద వ్యాసం 1689 చివర వెలువడింది. ముఖపత్రంపై మాత్రం 1690 అని ఉంటుంది. ఒకే నీరు ఒక చేతికి చల్లగా, మరొక చేతికి వెచ్చగా తోచవచ్చు. బాదంపప్పు దంచితే రంగు, రుచి మారతాయి. రోకలి మార్చగలిగింది కణాల కూర్పునే కదా అని లాక్ అడుగుతాడు. రంగును విడిచి ఆకృతిని ఊహించలేమని 1710లో బర్క్‌లీ ఈ విభజననే తోసిపుచ్చాడు.

న్యూటన్ 1704లో కాంతికిరణాలకు రంగు లేదనీ, రంగును కలిగించే శక్తి మాత్రమే ఉందనీ రాశాడు. 1713 నాటి 'ప్రిన్సిపియా' రెండో ముద్రణలో వ్యాప్తి, కాఠిన్యం, అభేద్యత, చలనశీలత, జడత్వాలను సకల వస్తువులకూ వర్తించే గుణాలుగా పేర్కొన్నాడు. గురుత్వం వస్తువుకు సహజగుణమని తాను అనడం లేదన్న వివరణను 1726 ముద్రణలో చేర్చాడు.