క్లైవు జిల్లాలో మామ్మ పులిహోర

ఆ కొబ్బరి డొక్కలు ఇటు తోయరా చిన్నోడా, మంట నీరసపడిపోతోంది. ఆఁ, అలా. ఏవిటమ్మడూ, బర్మింగ్‌హామ్‌లో సీటొచ్చిందా! మంచిది. అయితే సెలవులిచ్చారని లండన్ పరిగెత్తి ఆ పెద్ద గడియారం ముందు ఫోటో దిగొచ్చేయకు. అది అందరూ చేసేదే. నువ్వుండే ఊళ్ళో రైలెక్కితే గంటలో ష్రూస్‌బరీలో దిగుతావు. ఆ జిల్లా పేరు ష్రాప్‌షైర్, వేల్స్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. కొండలు, గొర్రెలు, సెవెర్న్ నది. 1988 వేసవి సెలవుల్లో నేనూ మీ మామ్మా వెళ్ళాం. మా అక్క కొడుకు అక్కడ డాక్టరు కదా, టిక్కెట్లు వాడే పంపాడు.

నేను సోషల్ మాస్టర్ని. ఈస్టిండియా కంపెనీ క్లైవు ఒక పాఠం, పారిశ్రామిక విప్లవం ఇంకో పాఠం. పక్క క్లాసులో సైన్సు మాస్టారు డార్విన్ చెప్పేవారు. ఆ మూడు పాఠాలూ ఒక్క జిల్లాలోనే పడున్నాయంటే నమ్ముతావా? నేనూ వెళ్ళాకే నమ్మాను.

ముందు ఇనప వంతెన చూడాలి. ఆ ఊరి పేరే ఐరన్‌బ్రిడ్జ్. పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన ప్రపంచంలో అదే. లోయకి అడ్డంగా నూరడుగుల ఒంటి కమాను. 1779లో నిలబెట్టారు, 1781 జనవరి ఒకటిన జనాన్ని వదిలారు. పుస్తకంలో బొమ్మ చూపించి ఎన్నోసార్లు చెప్పాను గానీ, కిందకెళ్ళి మెడ వెనక్కి వాల్చి చూస్తే తెలిసింది అసలు సంగతి. రివెట్లు లేవు, బోల్టులు దాదాపు లేవు. ఇనుముతో అంత వంతెన ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలీదు కదా, అందుకని తెలిసిన కర్రపనే చేశారు. మన వడ్రంగి గుమ్మానికి కుసి చెక్కి బెజ్జంలో దిగ్గొట్టి చీలతో బిగించినట్టు, ఇనప దూలాలకి కుసులూ బెజ్జాలూ పోత పోసి ఒకదాంట్లో ఒకటి దూర్చారు. నేను వేలుపెట్టి మరీ చూశాను. 1795లో సెవెర్న్‌కి పెద్ద వరదొస్తే ఆ నది మీద మిగతా వంతెనలు చాలా దెబ్బతిన్నాయి, ఇది మాత్రం చెక్కుచెదరలేదు.

చివర్లో సుంకం వసూలు చేసే గది ఉంటుంది. గోడ మీద పాత ధరల బోర్డు ఇంకా ఉంది, చదువు. బండికెంత, గుర్రానికెంత, దూడకెంత అని రాసి, కింద ఏమన్నాడో తెలుసా? సిపాయి డ్యూటీలో ఉన్నా కట్టాల్సిందే, రాజుగారి కుటుంబమైనా కట్టాల్సిందే! మనవాళ్ళయితే ఆ బోర్డు రాసినవాణ్ణే వంతెన మీంచి తోసేసేవారు. ఇప్పుడు సుంకం లేదు, బళ్ళూ వెళ్ళవు, నడిచి దాటడమే. అప్పట్లో బూడిదరంగులో ఉండేది. 2018లో బాగుచేసి, మొదట్లో ఉన్న ముదురెరుపు రంగే మళ్ళీ వేశారట.

ఆ పక్కనే కోల్‌బ్రుక్‌డేల్. 1709లో అబ్రహాం డార్బీ అక్కడే కట్టెబొగ్గు మానేసి, రాక్షసి బొగ్గు కాల్చి తీసిన కోక్‌తో ఇనుము కరిగించాడు. వంతెన పోత పోసింది ఆయన మనవడు. పాత కొలిమి ఇప్పటికీ ఉంది. పారిశ్రామిక విప్లవం అని మేం గంటలకొద్దీ చెప్పామా, తీరా చూస్తే డార్బీ పోత పోసి అమ్మింది వంట గుండిగలు! మీ మామ్మకి అప్పటిదాకా నా చరిత్ర మీద అంత గౌరవం లేదు. అది విన్నాక మాత్రం మ్యూజియంలో ఒక్కో గుండిగ దగ్గరా ఆగి, అడుగు మందం చూసి, ఇందులో పప్పు బాగా ఉడుకుతుందంది.

కోటలున్నాయి. లడ్లో కోట, స్టోక్‌సే కోట... చూడు, కాదనను. నాకైతే రాళ్ళు చూసి చూసి విసుగేసింది. అంతకన్నా నడక మేలు. అక్కడ సెలవంటే నడవడమే తల్లీ. ఎవరి పొలంలోంచైనా సరే, దారి అని కర్రకి బాణం గుర్తు కొట్టి ఉంటే నువ్వు వెళ్ళొచ్చు, రైతు కాదనడానికి లేదు. చట్టమే అంత. గొర్రెలు దాటకుండా కంచెకి చెక్కమెట్లు పెడతారు. గేటు తీస్తే మళ్ళీ వేయాలి, అదొక్కటే మర్యాద. మీ మామ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ మెట్లన్నీ దిగింది. లాంగ్ మిండ్ అని పొడుగాటి కొండ ఉంది, దాని మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. ఇంజిను లేని విమానాలు నెత్తిమీద చప్పుడు చెయ్యకుండా తిరుగుతున్నాయి. పులిహోర వాసనకి ఓ గొర్రె దగ్గరికొచ్చింది. మిరపకాయ కాబోలు, కొరికి తుమ్ముకుంటూ పోయింది.

రెకిన్ కొండ కథ చెప్తాను, ఇది వాళ్ళ తాతలు వాళ్ళకి చెప్పే కథ. వేల్స్‌లో ఓ రాక్షసుడుండేవాడు. వాడికి ష్రూస్‌బరీ మేయరు మీద కసి. ఏటికి అడ్డుకట్ట వేసి ఊరు ముంచేద్దామని పారనిండా మట్టెత్తుకుని బయల్దేరాడు. దారి తప్పాడు. ఒళ్ళంతా చెమటలు. ఎదురుగా చెప్పులు కుట్టేవాడొకడు, ఊళ్ళో జనం బాగుచెయ్యమనిచ్చిన పాత జోళ్ళు మూటగట్టుకుని ఇంటికొస్తున్నాడు. ‘ష్రూస్‌బరీ ఎంత దూరంరా?’ అని రాక్షసుడడిగాడు. వాడికి విషయం అర్థమైంది. మూట విప్పి కుప్పపోసి, ‘ఏం చెప్పమంటావు బాబూ, అక్కణ్ణుంచే వస్తున్నాను, ఇన్ని జోళ్ళూ దారిలో అరిగిపోయినవే’ అన్నాడు. ‘ఓరి నాయనో’ అని రాక్షసుడు మట్టి అక్కడే కుమ్మరించేశాడు. అదే రెకిన్. బూట్లకంటిన మట్టి పారతో గీకి పడేస్తే పక్కనున్న చిన్నకొండ అయింది. నవ్వుతావేం? పదమూడు వందల అడుగుల కొండ అది, ఎక్కి చూడు, ఆ రాక్షసుడి ఓపిక తెలుస్తుంది.

బ్రిడ్జ్‌నార్త్‌లో పొగబండి ఎక్కు. 1963లో సర్కారు మూసేసిన లైను. రైలు పిచ్చోళ్ళు సంఘం కట్టుకుని 1970 నుంచి మళ్ళీ నడుపుతున్నారు. రిటైరైన పెద్దమనుషులు జీతం లేకుండా వచ్చి బొగ్గు వేస్తారు. మన కోటిపల్లి లైను పట్టాలు యుద్ధకాలంలో పీక్కుపోతే మళ్ళీ వెయ్యడానికి 2004 దాకా పట్టింది, అది తలుచుకుంటే కడుపు మండుతుంది. బ్రిడ్జ్‌నార్త్‌లోనే కూలిన కోట బురుజొకటి పీసా గోపురం కంటే ఎక్కువ ఒరిగి నిలబడుంది, దారిలో చూసెయ్.

ఇహ క్లైవు. ష్రూస్‌బరీ చౌకులో నడిమధ్య కంచు విగ్రహం, 1860లో పెట్టారు. డార్విన్ విగ్రహమూ ఆ ఊళ్ళోనే, తను చదివిన బడి ముందు. ఆయన మాత్రం కూర్చుని ఉంటాడు. క్లైవు ఆ ఊరికి మేయరుగా చేశాడు, పార్లమెంటుకీ వెళ్ళాడు. 1758 డిసెంబరులో మన చందుర్తి యుద్ధానికి కలకత్తా నుంచి సైన్యాన్ని పంపింది ఆయనే. ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, మరుసటేడు మచిలీపట్నమూ పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా చేత ఉత్తర సర్కారులన్నీ కంపెనీకి రాయించిందీ ఆయనే. అంటే మనం కూర్చున్న ఈ నేల కూడా. విగ్రహం మెట్ల మీద కుర్రాళ్ళు శాండ్విచ్‌లు తింటున్నారు. ‘ఈయనెవరు బాబూ?’ అనడిగాను. ‘ఎవరో పాత మిలటరీ ఆయన’ అన్నాడొకడు. నేను ఏటేటా పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చేవాణ్ణమ్మా! తీసేయాలని 2020లో గొడవైంది గానీ చివరికి ఉంచేశారు.

పుట్టింది మాత్రం మార్కెట్ డ్రేటన్ దగ్గర. చిన్నప్పుడు ఆ ఊరి చర్చి గోపురం ఎక్కి రాతిబొమ్మ మీద కూర్చున్నాడని చెప్పుకుంటారు. అల్లం బిస్కట్లకి పేరు ఆ ఊరు, టీలో ముంచుకు తింటే కమ్మగా ఉంటాయి. అక్కణ్ణుంచి మోర్టన్ సే వెళ్ళాం. చుట్టూ పచ్చికబీళ్ళు, ఆవులు, చిన్న చర్చి. 1774లో పోతే ఆయన్ని అక్కడే పూడ్చారు, ఎక్కడని గుర్తు పెట్టలేదు. లోపల గోడకి చిన్న ఇత్తడి రేకు, అంతే. మీ మామ్మ ఆ ఆవుల్నీ పచ్చికనీ చూసి చూసి, ‘పాడికి లోటు లేదు, నీళ్ళకి లోటు లేదు. ఇంత చక్కటి ఊరొదిలి మన చందుర్తికి ఏం తినడానికొచ్చాడండీ?’ అంది. ‘ఆయన చందుర్తి రాలేదే, కర్నల్ ఫోర్డు అని ఇంకొకాయన్ని పంపించాడు, అదెలా జరిగిందంటే...’ అన్నాను. ‘పాఠం మొదలెట్టకండి, వానొస్తోంది’ అని కారెక్కేసింది.