ఎరవు ఈకలు: జాక్‌డా కథయు గ్రంథచౌర్యాపవాదమును

నెమలి యీకలు ధరించిన కాకి కథ తెలుగు బాలురకు సుపరిచితము. ఒక రచయిత పూర్వగ్రంథమునుండి ఏదో గ్రహించెనని తోచినంతనే ఈ కాకిని స్మరించుట విమర్శకులకు వాడుక. కాని మూలకథలోని పక్షి కాకి కాదు. గ్రీకులు కొలోయిఓస్ అనియు, ఆంగ్లేయులు జాక్‌డా అనియు వ్యవహరించు పక్షి. అది కాకి జాతిదే యైనను కాకికంటె చిన్నది. మెడవెనుక బూడిదవన్నె, కన్నులు వెండివలె తెల్లన. భారతదేశమున కాశ్మీరప్రాంతమున కానవచ్చును గాని తెలుగునాట లేదు. కావుననే మన భాషలో దాని స్థానమును కాకి ఆక్రమించినది.

ఈ పక్షి గుంపు విడువదు. జాక్‌డా జాక్‌డా చెంతకే చేరునను గ్రీకు సామెతను అరిస్టాటిల్ తన నీతిశాస్త్రమున స్నేహమును విచారించుచు పేర్కొనెను. అట్టి పక్షి స్వజాతిని నిరసించుటయే కథలోని యెత్తిపొడుపు. ఈసపు పేర చెల్లు గ్రీకు కథలో జ్యూస్ పక్షులకు రాజు నేర్పరుపనెంచగా, జాక్‌డా నానాపక్షులు రాల్చిన యీకలు ఏరి తగిలించుకొనును. ఒక్కొక్క పక్షియు తన యీకను తాను లాగికొనును. క్రీ. శ. 1వ శతాబ్దమున లాటిన్ కవి ఫీడ్రస్ దీనిని మార్చెను. అందు ఈకలన్నియు నెమలివే. నెమళ్లు పొడిచి తరిమిన పిదప స్వజాతియు దానిని చేరనీయదు. రెండు కథలలోను ఈకలు రాలినవే గాని పెరికినవి కావు. ఈ సంగతిని మనవారు తరచుగా మరతురు.

చౌర్యార్థము హోరేస్ లేఖలలో స్పష్టముగా కానవచ్చును. సుమారు క్రీ. పూ. 20లో వెలువడిన ఆ లేఖలలో అతడు సెల్సస్ అను మిత్రుని గూర్చి, పలటైన్ కొండమీది అపొలో గ్రంథాలయములోని రచనలను ముట్టక స్వంత సంపద వెదకికొనవలెననియు, లేనిచో పక్షులు తమ యీకలడుగ వచ్చిననాడు నవ్వులపాలగుననియు పరిహాసముగా హెచ్చరించెను. రాలిన ఈక ఇచ్చట దొంగ ఈక యైనది. హోరేస్ వాడిన పదమునకు చిన్న కాకి యని యర్థము. జాక్‌డాకు లాటిన్‌లో మోనెడులా అను వేరొక పేరును గలదు. ఆ పేర అది బంగారపు దొంగ. క్రీ. పూ. 59లో ఫ్లాక్కస్ పక్షమున వాదించుచు సిసెరో దానిని బంగారము నమ్మి యీయరాని ప్రాణిగా నెత్తి చూపెను. బంగారమునకై స్వదేశమును వంచించిన ఆర్నె ఈ పక్షియైనట్లు ఓవిడ్ వర్ణించెను.

1592లో రాబర్ట్ గ్రీన్ పేర వెలువడిన చిన్న పుస్తకమున షేక్స్పియర్ మా యీకలతో మెరయు కాకి యని నిందింపబడెను. ఇది గ్రంథచౌర్యారోపణమని కొందరు, కవుల మాటలతో వెలుగు నటునిపై నిందయని కొందరు వాదింతురు. అచ్చట నటులందరును దూషింపబడుటచే రెండవ మతమే మాకు సమంజసముగా తోచుచున్నది. లా ఫాంటేన్ 1668లో పక్షిని మార్చి, గ్రంథచోరులను పేరెత్తి చెప్పెను.

మన కథల దారి వేరు. కర్ణపర్వమున శల్యుడు చెప్పిన హంసకాకీయమున కాకి యెంగిలిమెతుకులతో బలిసి, నూటొక్క గతుల నెగురుదునని హంసలతో పందెమాడి, సముద్రమున పడి, తుదకు హంసచేతనే రక్షింపబడును. తిక్కన తెనిగించిన ఈ కథలో మాఱువేషము లేదు. పంచతంత్రమున నీలిభాండమున పడిన నక్క రంగు ఎవ్వరి సొత్తును కాదు. తన కూతయే దానిని పట్టియిచ్చును. రెండింటను నేరము గర్వమే, చౌర్యము కాదు.

కావ్యచౌర్యమును మన పూర్వులు శాస్త్రమున విచారించిరి. అనువాదమున పెరిగిన తెలుగు వాఙ్మయమును పరిశోధించు విద్యార్థి కాకిని పిలుచుటకంటె రాజశేఖరుని కావ్యమీమాంసను చూచుట మేలు. అందు శబ్దహరణమును, అర్థహరణమును వేర్వేరుగా పరీక్షింపబడినవి. అర్థసామ్యమునకు ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అను భేదములు చూపబడినవి. వీనిలో ప్రతిబింబకల్పమును పరిహరింపవలెననియు, ఆలేఖ్యప్రఖ్యము అనుసరింపదగిన మార్గమనియు ఆతడు నిర్ణయించెను.