రొయ్యల గుంటల దాకా వచ్చిన రిట్

నెల్లూరు తీరాన రొయ్యల గుంటల తగాదా ముదిరితే వినపడే మాట ‘హైకోర్టులో రిట్ వేస్తాం’. పిటిషన్ అనే తోక వాడుకలో ఎప్పుడో ఊడిపోయింది.

పాత ఇంగ్లీషులో రిట్ అంటే రాసినది. రాజముద్ర పడిన ఆజ్ఞాపత్రానికి ఆ పేరు స్థిరపడింది. కాబట్టి అసలు రిట్ కోర్టు ఇచ్చేది, మనం వేసేది కాదు. జనానికి ఆ తేడా పట్టదు, పట్టనక్కర్లేదు కూడా.

1943లో పర్లాకిమిడి జమీందారుతో రైతుల కేసులో, మద్రాసు హైకోర్టు రిట్ అధికారం నగరం దాటి ఆ ఊళ్లకు చెల్లదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఆ లెక్కన నెల్లూరు రైతుకూ అది అందని పండే. 1950లో రాజ్యాంగం 226వ అధికరణతో ఆ హద్దు చెరిపేసింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు.

సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ రొయ్యల చెరువులపై అలాగే వెళ్లారు. తాగునీటి బావులు ఉప్పుబారుతున్నాయన్నది ఫిర్యాదుల్లో ఒకటి. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది: సంప్రదాయ సాగు తప్ప, తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలి, పులికాట్ సరస్సుకు 1,000 మీటర్ల లోపల కొత్తవి రాకూడదు.

తర్వాత 2005లో పార్లమెంటు ఇలాంటి సాగు కోసం వేరే చట్టం చేసింది. ఇప్పుడు తీరంలో రొయ్యలు పెంచాలంటే దాని కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి.