అడిగి తాకమనడం మన హక్కు



"పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచీ ఎందుకు?" తెల్లబట్ట అవుతోందనో, నడుం లాగేస్తోందనో ఆస్పత్రికెళ్లిన మన గోదావరి ఆడవాళ్లు చాలామంది విన్న మాట ఇది. దీనికో చరిత్ర ఉంది.

1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ చేలల్లో నడుం వంచి ఊడ్పులు ఊడ్చింది మాల, మాదిగ ఆడవాళ్లు. కాటన్‌కి విగ్రహాలున్నాయి. ఆ నడుముల నొప్పి ఏ చరిత్రలోనూ ఎక్కలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1845-49 మధ్య, అమెరికాలోని అలబామాలో మేరియన్ సిమ్స్ అనే డాక్టరు కాన్పులో లోపల చిరిగి మూత్రం కారిపోతున్న నల్లజాతి బానిస స్త్రీలకి మత్తివ్వకుండా ఆపరేషన్లు చేశాడు. అనార్కా, లూసీ, బెట్సీ అనే మూడు పేర్లే మనకి మిగిలాయి. అనార్కా ఒక్కామెకే సుమారు 30 సార్లు కోత. యజమాని సరేనంటే చాలు, ఆమెని అడిగే పనే లేదు. లోపలి పరీక్షకి వాడే ఒక రకం స్పెక్యులమ్‌కి నేటికీ సిమ్స్ పేరే. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు.

ఆ అడగకపోవడం మాత్రం పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే ముట్లుడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఆ తర్వాత కూలికి ఎలా వెళ్తుంది? అనవసరపు ఆపరేషన్లని ఆపే మార్గదర్శకాలు 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. అత్యాచార బాధితులకి రెండువేళ్ల పరీక్ష చేయడం దుష్ప్రవర్తనేనని 2022 అక్టోబరు 31నే చెప్పింది.

చేలోనో ఇంట్లోనో హింస పడ్డ మనిషి పరీక్ష బల్ల మీద బిగుసుకుపోతుంది. అది మొండితనం కాదు, పాత గాయం. ఆ గాయం ఉండొచ్చని ముందే ఎరిగి చేసేదే వైద్యం. ఏం చేస్తున్నారో చెప్పాలి, అడిగి తాకాలి, ఆపమంటే ఆపాలి, తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలి.

విద్యార్థులూ, ఈసారి మీ పేటలో అత్తో పిన్నో ఆపరేషన్‌కి బయల్దేరితే వెంట వెళ్లండి. జబ్బు పేరేంటి, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టనివ్వండి.